పాలకొల్లు నుంచి హైదరాబాద్ థీమ్ పార్కుకు: ముందు తేదీ, తరువాతే టికెట్టు

మీ ప్రశ్న చదివాను. పాలకొల్లు దగ్గర పల్లెటూరు, మీరిద్దరు, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. సెలవుల్లో హైదరాబాద్‌లోని రైడ్ల పార్కు వండర్‌లా, సినిమా సెట్లుండే రామోజీ ఫిల్మ్ సిటీ రెండూ చూపించాలనుకుంటున్నారు, ఖర్చు ముప్ఫై వేలు దాటకూడదంటున్నారు. మాది భీమవరం. మా పిల్లలతో, మా అత్తగారితో ఈ రెండు చోట్లకూ వేర్వేరు సెలవుల్లో వెళ్లివచ్చాం. రెండింటిలో ఒకటే పెట్టుకుంటే ముప్ఫై వేలలో హాయిగా అవుతుంది. రెండూ ఒకే ప్రయాణంలో కలిపితే డబ్బుతోపాటు మనుషులు కూడా అలిసిపోతారు. రెండో రోజు పాప ఎత్తుకోమంటుంది, మీ అమ్మగారు నొప్పి బయటికి చెప్పకుండా నడుస్తారు. దయచేసి ఒకటే ఎంచుకోండి.

అందరూ టికెట్టు ధర దగ్గర లెక్క మొదలుపెడతారు. మీరు తేదీ దగ్గర మొదలుపెట్టండి, మిగతా ఖర్చులన్నీ దాని వెంటే నడుస్తాయి. వండర్‌లాలో టికెట్టు అన్ని రోజులూ ఒకే ధర ఉండదు. శని, ఆదివారాల్లో, పండుగ రోజుల్లో ఎక్కువ, మామూలు పనిదినాల్లో తక్కువ. రద్దీ రోజున వరుసలో నిలబడలేక ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు కొనాలనిపిస్తుంది, అది అదనం. రైల్లో బెర్తు దొరకకపోతే తత్కాల్, అదీ దొరకకపోతే ప్రైవేటు బస్సువారు ఆ పూట చెప్పిన ధర. లాడ్జి గది సంగతీ అంతే. తేదీ బాగా కుదిరితే ఇవన్నీ ఒకేసారి దిగివస్తాయి.

మన వైపు దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి ధాన్యం డబ్బు చేతికి వచ్చేసరికి కాలువలకు నీళ్లు ఆపేస్తారు, పిల్లలకు బడి సెలవులు ఇస్తారు. అందుకని ఊళ్లకు ఊళ్లు మే నెలలోనే బయలుదేరతాయి. హైదరాబాద్ పిల్లలకూ అప్పుడే సెలవులు. పైగా ఎండ నలభై డిగ్రీల పైన ఉంటుంది, రామోజీలో చూడాల్సింది చాలావరకు ఆరుబయటే. మన రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి, జూన్ మొదటి వారంలో మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు ఖాయం చేసుకోండి. అప్పటికి చాలా ఇళ్లలో పుస్తకాలు, యూనిఫారాల హడావుడి మొదలై ఉంటుంది, ఎండ కాస్త తగ్గుముఖం పడుతుంది. అది కుదరకపోతే జూలై, ఆగస్టుల్లో సెలవు పెట్టగలిగిన పనిదినం చూసుకోండి. నవంబరు నుంచి జనవరి దాకా వాతావరణం చల్లగా ఉన్నా, పనిదినాల్లో కూడా బడిపిల్లల విహారయాత్రల బస్సులు దిగుతుంటాయి. సంక్రాంతి ముందు రోజుల్లో జనమంతా ఇటు వస్తుంటారు కాబట్టి అటు వెళ్లే రైళ్లలో చోటు ఉంటుంది. లెక్క ప్రకారం అది మంచి సమయమే. కానీ ఏడాదికొకసారి ఇంటికి వచ్చే అన్నదమ్ములను, భోగిమంటను వదిలేసి వెళ్లమని నేను చెప్పలేను.

ఇక ఏ పార్కు అన్నది. ముందు ఒక పని చేయండి: బాబును చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి టేపుతో కొలవండి. వండర్‌లాలో పిల్లల టికెట్టుకు వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, అక్కడినుంచి 140 వరకు పిల్లల టికెట్టు, ఆ పైన పెద్దల టికెట్టే. పెద్ద రైడ్లలో చాలావాటికి కనీస ఎత్తు నియమం కూడా ఉంది. అంటే 135, 138 దగ్గర ఉన్న పిల్లవాడికి టికెట్టు తక్కువ పడుతుంది గానీ, వాడు ఎక్కాలని కలలు కన్నవాటిలో కొన్ని ఎక్కనివ్వరు. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ దగ్గర మా చిన్నవాడు కొలత గీత ముందు మడమలు ఎత్తి నిలబడ్డాడు. అక్కడి అబ్బాయి నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి దించాడు. రెండు వేళ్లంత తక్కువ. వాళ్ల అన్న పైనుంచి అరుస్తుంటే వీడు కింద కంచె పట్టుకుని, ఏడవకూడదని పళ్లు బిగించి నిలబడ్డాడు. ఆ నియమం పిల్లల ప్రాణాల కోసం పెట్టింది, అందులో ఎవరినీ అనడానికి లేదు. మీ బాబు ఆ ఎత్తుకు ఇంకా రాకపోతే వండర్‌లాను మరుసటి ఏడాదికి ఉంచండి. అప్పుడు టికెట్టు ఎక్కువైనా పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఉంటుంది.

మీ ఐదుగురికీ ఈసారి రామోజీ ఫిల్మ్ సిటీయే సరైనదని నా అభిప్రాయం. 1996లో మొదలైన ఆ చోటు 1,666 ఎకరాల విస్తీర్ణంలో ఉంది, ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. సెట్లన్నీ బస్సులో తిప్పి చూపిస్తారు, మధ్యలో కూర్చుని చూసే ప్రదర్శనలు ఉంటాయి, పాపకు సరిపోయే చిన్న చిన్న రైడ్లు ఉంటాయి. నడక ఉంటుంది, లేదనను. కానీ మీ అమ్మగారు చూసే మనిషిగా రోజంతా గడపగలరు. వండర్‌లాలో అయితే ఆవిడ టికెట్టు కొనుక్కుని లోపలికి వచ్చి, మీ సంచులకు కాపలాగా కూర్చోవాలి. అరవై దాటినవారికి అక్కడ రాయితీ ఉన్నా, ఆ కూర్చోవడానికి అంత డబ్బు పెట్టడం నాకు నచ్చదు. మా అత్తగారు రామోజీలో ఒక గుడి సెట్టు దగ్గర ఆగి, రాతి స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి చూశారు. లోపల బోలుగా మోగింది. పిల్లలిద్దరినీ పిలిచి తట్టించారు. ఆ తరువాత ప్రతి గోడనూ ముగ్గురూ తట్టుకుంటూ నడిచారు. ఇంటికి వచ్చాక కూడా టీవీలో రాజమహల్ కనిపిస్తే చాలు, అది తడితే ఎలా మోగుతుందో చెప్పుకునేవారు.

ప్రయాణం గురించి. మీకు నర్సాపురం నుంచి బయలుదేరే హైదరాబాద్ రైలు పాలకొల్లులోనే దొరుకుతుంది, రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి అక్కడుంటారు. కోనసీమ నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి గోదావరి దాటి మీ వైపో, రాజమండ్రికో రావలసిందే. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజుల లెక్క మరచిపోండి. తెరిచిన రోజు ఉదయం ఎనిమిదింటికే కూర్చోండి. మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే కలిపి ఉంచండి. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జూలై నుంచి అది తప్పనిసరి.

రైలు టికెట్లలో మీకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. పాపకు ఐదు నిండాయి కాబట్టి విడిగా బెర్తు తీసుకుంటే పూర్తి ఛార్జీ, అక్కర్లేదంటే సగమే. ఆరేళ్ల పిల్ల ఒక్క రాత్రి తల్లి పక్కన పడుకోగలదు. రెండోది మీ అమ్మగారి టికెట్టు. వృద్ధులకు ఉన్న ఛార్జీ రాయితీ 2020 మార్చిలోనే ఆగిపోయింది, కానీ 45 దాటిన ఆడవారికి, 60 దాటిన మగవారికి కింది బెర్తు కోటా మాత్రం ఉంది. అయితే ఒంటరిగా గానీ, ఆ అర్హత ఉన్న ఇద్దరు గానీ ఒక టికెట్టులో ఉంటేనే అది వర్తిస్తుంది. ఐదుగురినీ ఒకే టికెట్టులో వేస్తే ఆవిడకు పై బెర్తు రావచ్చు, ఆ మోకాళ్లతో నిచ్చెన ఎక్కడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆవిడకు విడిగా తీసుకోండి.

సొంత కారులో వెళ్దామన్న ఆలోచన ఉంటే, అది మీకు మూడు వందల యాభై కిలోమీటర్ల పైమాట. విజయవాడ దాటాక కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్లు. ఐదుగురికి రైలే చవక. పదిమంది పైన బంధువులు కలిసి వస్తే మాత్రం టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవడం మేలు. మా ఊళ్లో ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో వెళ్లిన పక్కింటివాళ్లను మధ్యాహ్నానికి గానీ పార్కు గేటు దగ్గర దించలేదు. పూర్తి రోజు టికెట్టు డబ్బులు కట్టి సగం రోజే చూశారు. ప్యాకేజీ తీసుకుంటే గేటుకు ఎన్నింటికి చేరుస్తారో కాగితం మీద రాయించుకోండి.

బస ఎక్కడన్నది చాలామంది ఆలోచించరు. మనవాళ్లు ఎక్కువగా ఉండేది కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు. రామోజీ సరిగ్గా నగరానికి అవతలి చివర, విజయవాడ రోడ్డు మీద ఉంది. వండర్‌లా కూడా ఆ దిక్కుకే దగ్గర, రావిర్యాల దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన. చుట్టాల ఇంట్లో ఉచితంగా దిగి, ఉదయం ఐదుగురికి క్యాబ్ మాట్లాడుకుంటే మిగిలిన గది అద్దె దానికే సరిపోతుంది. వాళ్ల ఇంట్లోనే ఉండాలనుకుంటే మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నేరుగా వస్తుంది, ఎక్కడా మారక్కర్లేదు. ఎల్బీనగర్‌లో దిగి, ఫిల్మ్ సిటీ వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కండి. గది తీసుకునేట్లయితే ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపే చూడండి. పార్కు లోపల తార, సితార వంటి హోటళ్లు ఉన్నాయి, కానీ మీ లెక్కకు బయటి గదులే సరిపోతాయి. చుట్టాలను చూడటం మరుసటి రోజు పెట్టుకుంటే వాళ్లతోనూ తీరిగ్గా మాట్లాడవచ్చు.

తిండి విషయంలో రెండు పార్కుల్లోనూ బయటి ఆహారం లోపలికి రానివ్వరు. మీరు చేసుకెళ్లే చింతపండు పులిహోర, జంతికలు రైలుకే. పులిహోర మరునాడు ఉదయం దాకా నిలుస్తుంది, దానితోనే రైలు దిగాక టిఫిను ఖర్చు తప్పుతుంది. పార్కుకు వెళ్లే ఉదయం మాత్రం ఎనిమిదింటికల్లా బయట కడుపునిండా ఇడ్లీ, పూరీ తినిపించి తీసుకెళ్లండి. లోపల మధ్యాహ్నం ఒక్క భోజనం, సాయంత్రం ఏదో ఒకటి, అంతే అని పిల్లలకు ముందే చెప్పండి. మా పిల్లలకు తలా కొంత డబ్బు చేతికిచ్చి, ఐస్‌క్రీమో బొమ్మో మీ ఇష్టం, అయిపోతే మళ్లీ ఇవ్వను అన్నాను. పెద్దవాడు సాయంత్రం దాకా రూపాయి ఖర్చు పెట్టలేదు.

అంకెలు అడిగారు కాబట్టి నా అంచనా చెబుతాను. స్లీపర్‌లో రానుపోను మూడు వేల చుట్టుపక్కల. పార్కు టికెట్లకు ఎనిమిది వేలు పక్కన పెట్టండి, వెబ్‌సైటులో మీ తేదీ వేసి పన్నుతో కలిపి చూస్తే అసలు మొత్తం తెలుస్తుంది. రెండు రాత్రులకు గదులు ఆరు వేలు, తిండికి ఐదు వేలు, ఆటోలు, క్యాబులు, బస్సులకు మూడు వేలు. ఇరవై ఐదు వేలయింది. మిగిలిన ఐదు వేలు ముట్టుకోకుండా మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లకు జ్వరం వచ్చినా, అమ్మగారికి నొప్పి ఎక్కువై క్యాబ్ పిలవాల్సి వచ్చినా అది కావాలి.

మరుసటి ఏడాది వండర్‌లాకు వెళ్లేటప్పుడు నీళ్ల రైడ్లకు నైలాన్, పాలిస్టర్ బట్టలు ఉండాలి. నూలు బట్టలు, చీరలు, జీన్సులతో కొలనుల్లోకి దిగనివ్వరు. అక్కడ దుకాణంలో కొనేకంటే పాలకొల్లు బజారులోనే ముందుగా తీసుకోండి. కాలేజీ పిల్లలుంటే గుర్తింపు కార్డు అసలుది పట్టుకెళ్లమనండి, వాళ్లకు రాయితీ ఉంటుంది. టికెట్లు కొద్ది రోజుల ముందు ఆన్‌లైన్లో తీసుకుంటే ఇంకొంచెం తగ్గుతుంది.

తిరుగు ప్రయాణంలో రైలు కుదరక బస్సులో రావాల్సి వస్తే, నగరం నడిబొడ్డుకు వెళ్లి ఎక్కకండి. మన వైపు వచ్చే బస్సులన్నీ ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగానే వస్తాయి. టికెట్టు తీసుకునేటప్పుడే ఎక్కే చోటు హయత్‌నగర్ అని పెట్టుకుంటే పార్కు మూసే దాకా తీరిగ్గా ఉండి, భోంచేసి, ఎక్కవచ్చు. బాబు ఎత్తు కొలిచాక ఇక్కడ రాయండి. 140 దాటి ఉంటే నా సలహా మార్చుకుని, అమ్మగారిని చుట్టాల ఇంట్లో ఉంచి మీ నలుగురూ వండర్‌లాకు వెళ్లే లెక్క వేసి ఇస్తాను.