డీజిల్ కారు నడపడానికీ పెట్రోల్ కారు నడపడానికీ తేడా ఏమిటి?

అసలు తేడా టార్క్‌లో, అంటే ఇంజిన్ తిప్పే బలంలో ఉంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే పరికరం) ఉన్న డీజిల్ ఇంజిన్ సుమారు 1,500–2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్యే గట్టిగా లాగుతుంది. అందుకే కారు నిండా జనంతో ఎత్తు ఎక్కుతున్నా గేరు తగ్గించే పని తక్కువ. కానీ అంతకంటే కింద టర్బో ఇంకా అందుకోదు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఏమీ జరగనట్టుండి, ఆపైన ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఈ ఆలస్యాన్ని తప్పకుండా లెక్కలో పెట్టుకోండి. 4,000 దాటాక ఊపు తగ్గిపోతుంది కాబట్టి గేరు ముందే మార్చేయాలి.

టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ఇందుకు పూర్తిగా వేరు. కింద మెత్తగా ఉండి, 4,000 దగ్గర హుషారెక్కి, 6,000 దాకా హాయిగా తిరుగుతుంది. శబ్దం, వణుకు కూడా తక్కువే.

రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగేవాళ్లు కొత్త డీజిల్ జోలికి వెళ్లకపోవడమే మేలు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ సరిగా వేడెక్కక, అందులోని మసి కాలక పూడుకుపోతుంది.