తుప్పు వదలాలి, నలుపు మిగలాలి

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

తాతగారి పాయింట్ 315 రైఫిల్ నీ లైసెన్సు మీదికి మారిందనీ, బారల్ మీద అక్కడక్కడా ఎర్రమచ్చలు కనబడుతున్నాయనీ, హార్డ్‌వేర్ షాపతను తుప్పు వదిలే మందు ఇచ్చాడనీ రాశావు. ఆ సీసా మూత తియ్యకు. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

బారల్ మీదున్న నలుపు పెయింటు కాదు, ఉక్కులోంచే పుట్టిన పొర. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన నీళ్లను 140 డిగ్రీల దగ్గర మరిగిస్తూ అందులో ముంచితే ఉక్కు పైభాగం మాగ్నటైట్ అనే నల్ల ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. బ్లూయింగ్ అంటే ఇదే. దాని మందం మైక్రాన్లలో లెక్క. ఎర్ర తుప్పూ ఐరన్ ఆక్సైడే కాబట్టి ఎర్రదాన్ని తినే ఆమ్లం నల్లదాన్నీ తినేస్తుంది, రెంటికీ తేడా తెలియదు దానికి. షాపులో తుప్పు మందుల్లో ఎక్కువగా ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం. చింతపండు, నిమ్మచెక్క, వెనిగర్ కూడా ఆ జాతే. ఇత్తడి బిందెలు మెరిశాయి కదాని అత్తయ్య చింతపండు ఇస్తే తీసుకోకు. రాసిన కాసేపటికే బూడిదరంగు ఉక్కు బయటపడుతుంది, మన కోనసీమ గాలికి ఆ చోటే అందరికంటే ముందు తుప్పు పడుతుంది. బ్రాసో కూడా వద్దు. దాన్లో అరగదీసే పొడి ఉంటుంది.

అన్ని భాగాలకీ ఒకే పూత ఉండదు. చిన్న అయస్కాంతం పెట్టి చూడు. నువ్వు కొత్తగా బిగించిన టెలిస్కోపు పట్టీలకి అది అంటుకోకపోతే అవి అల్యూమినియం, వాటి నలుపు అనోడైజింగ్, అంటే కరెంటుతో అల్యూమినియం మీద పెంచి రంగు వేసిన ఆక్సైడ్ పొర. దానికి క్షారం శత్రువు. వాషింగ్ సోడా, కాస్టిక్ సోడా, స్టవ్ జిడ్డు వదిలే ఘాటు ద్రావకాలు తగిలితే తెల్లగా పాలిపోతుంది. తడి గుడ్డతో తుడిచి ఆరబెడితే దానికి చాలు. ఏ ఉక్కు భాగమైనా మెరుపు లేకుండా బూడిదరంగులో కొంచెం గరుగ్గా తగిలితే అది ఫాస్ఫేటు పూత. దాని సన్న రంధ్రాలే నూనెని పట్టి ఉంచుతాయి, అందుకని దాన్ని తోమి నున్నగా చెయ్యాలని చూడకు. నికెల్ పూత ఉన్న భాగమేదైనా ఉంటే అమ్మోనియా కలిసిన బోర్ సాల్వెంట్ (బారల్ లోపలి మురికి కరిగించే ద్రవం) దాని దరికి రానివ్వకు. నికెల్ కింద రాగి పొర వేసి ఉంటే గీతల్లోంచి దిగి ఆ రాగిని తినేస్తుంది, పైపూత పెచ్చులుగా లేచిపోతుంది.

ఇక పని. మేగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసెయ్యి, బోల్ట్ (పిడి ఉన్న వెనక కడ్డీ) వెనక్కి లాగు, ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోట్లోకి, కళ్లతో చూడు, చిటికెనవేలు పెట్టి మళ్లీ చూడు. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. కిటికీలు తెరువు, దీపం, పొయ్యి దూరంగా ఉండాలి. పెట్రోలు అసలు వాడకు, ఆవిరికే అంటుకుంటుంది. జిడ్డు వదలడానికి మినరల్ టర్పెంటైన్ గానీ కిరసనాయిలు గానీ చాలు, అదీ ఒక చిన్న గిన్నెడు. కిరసనాయిలుతో కడిగి అలాగే వదిలేస్తే నూనె పొరంతా పోయి ఉక్కు గాలికి నగ్నంగా మిగులుతుంది, కాబట్టి తుడిచిన వెంటనే గన్ ఆయిల్ పట్టాలి. చేతులకి నైట్రైల్ తొడుగులు వేసుకో. మన ఉక్కపోతకి వేలిముద్రలోని చెమట ఉప్పు ఒక్క రాత్రిలో మచ్చ పెట్టగలదు.

బోల్ట్ బయటికి తీసి బారల్‌ని ఎప్పుడూ బ్రీచ్ వైపునుంచే, అంటే వెనక చివరనుంచే, శుభ్రం చెయ్యి. మూతి దగ్గర కడ్డీ రాసుకుంటే గాడుల చివర అరిగి గురి పోతుంది. పుల్‌త్రూ (బారల్‌లోంచి గుడ్డని లాగే తాడు) వాడితే చిందీ, అంటే గుడ్డముక్క, 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉండాలి. నూనె పట్టించేటప్పుడు వెడల్పు ఒకటిన్నర చాలు. బిగుసుకుపోతే బలంగా లాగకు, వెనక్కి తీసి గుడ్డ కత్తిరించు. పాత తూటాలేవైనా కాల్చి ఉంటే ముందు వేడినీళ్ల పని ఉంది. పాతకాలం ప్రైమర్లలో (తూటా వెనక నిప్పు రాజేసే మందులో) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పులాంటిదే, చెమ్మని లాక్కుంటుంది. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. గరాటు పెట్టి అర లీటరు మరిగే నీళ్లు బారల్‌లోంచి పోసి, పొడి చిందీలు తెల్లగా వచ్చేదాకా లాగి, వేడి ఉండగానే నూనె పట్టించు. నీళ్లు కర్రలోకి దిగకుండా చూసుకో. ఫైరింగ్ పిన్ (బోల్ట్‌లో ఉండి తూటాని కొట్టే సూది) విప్పడానికి దాని పనిముట్టు లేకపోతే శ్రావణంతో పట్టుకోవద్దు, దాన్ని లైసెన్సున్న డీలరు దగ్గర చేయించు.

ఎర్రమచ్చల సంగతి. మచ్చ మీద గన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున నాలుగు సున్నాల స్టీల్ ఊల్, అంటే అన్నిటికంటే సన్నది, నూనెలో ముంచి వేలి బరువుతో మాత్రమే బారల్ పొడవునా నడిపించు. అంట్లు తోమే పీచు పనికిరాదు, గరుకుకాగితం అసలే కాదు. నూనె ఎర్రగా, బురదలా పైకి వస్తుంది. తుడిచి, కొత్త నూనె వేసి మళ్లీ. గుడ్డకి ఎరుపు బదులు నలుపు అంటడం మొదలైందంటే అక్కడే ఆపెయ్, ఇప్పుడు వస్తున్నది పూతే. కింద చిన్న గుంట కనబడితే కనబడనీ. గుంట పోయేదాకా రుద్దితే చుట్టూ ఉన్న మంచి నలుపు కూడా పోతుంది. నా లెక్కలో నల్లబడిన గుంట కంటే మెరిసే ఉక్కు ప్రమాదం.

చిన్న ఉక్కు భాగం నిండా ఎర్రబారి ఉంటే ఇంకో దారుంది. జిడ్డంతా తీసి, నీళ్లు మరిగించి 15, 20 నిమిషాలు అందులో ఉంచు. ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. పైన తేలిన నల్లపొడిని నూనె, స్టీల్ ఊల్‌తో తుడిచేస్తే పూతని పోలినదే మిగులుతుంది. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి బ్యాటరీ వాటరో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడు. ఇది ఉక్కుకే, అల్యూమినియం భాగం ఆ గిన్నెలో పెట్టకు.

కర్రకి సాల్వెంట్ తగలకూడదు. లక్క పాలిష్ అయితే స్పిరిట్ తగిలిన చోట కరిగిపోతుంది.

చివర పట్టించే నూనె విషయంలో పొదుపు కావాలి. గుడ్డ మీద ఐదారు చుక్కలతో రైఫిల్ పైభాగమంతా తుడవొచ్చు. ఎక్కువైతే వెనక్కి కారి కర్రలోకి ఇంకి, దాన్ని మెత్తబరుస్తుంది. అందుకే నూనె పట్టాక ఒక రాత్రి మూతి కిందికి ఉండేలా ఆనించు. కొబ్బరినూనె ఇంట్లో ఎంతున్నా తుపాకీకి వద్దు, చలికి గడ్డకడుతుంది, కొన్నాళ్లకి ముక్కిపోతుంది. మళ్లీ కాల్చే ముందు పొడి చిందీ లాగి బారల్‌లోనూ ఛాంబర్‌లోనూ నూనె తీసెయ్యడం మరవకు.

తోలు సంచిలోగానీ స్పాంజి ఉన్న పెట్టెలోగానీ నిలవ పెట్టకు, రెండూ చెమ్మని పట్టి ఉంచుతాయి. తాళమున్న స్టీలు బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టు. నీలం గుళికలు గులాబీరంగుకి తిరిగితే తడిసిపోయినట్టు, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకో. మీ రొయ్యల చెరువు సామాను గదిలో బ్లీచింగ్ పౌడర్ బస్తాలు ఉంటాయి కదా, ఆ గదిలో రైఫిల్ ఒక్క రోజు కూడా ఉంచకు. దాన్నుంచి వచ్చే క్లోరిన్ ఆవిరి బస్తా మూతి కట్టినా ఆగదు, ఉక్కుని ముందు ఎర్రబరిచి తర్వాత గుంటలు పెడుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా వారానికోసారి నూనెగుడ్డతో తుడువు, ఎండాకాలంలో నెలకోసారి చాలు.

ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు. అక్కడ నెలల తరబడి ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఇచ్చే ముందు మామూలు నూనె బదులు తుప్పు నిరోధించే గ్రీజు పల్చగా పట్టించు, బారల్ లోపలా బయటా. అన్ని వైపులా ఫొటోలు తీసిపెట్టుకుని రశీదు తీసుకో. వెనక్కి తెచ్చిన రోజే ఆ గ్రీజంతా తుడిచి, ఫొటోలతో పోల్చి చూసుకుని, కొత్త నూనె పట్టాకే బీరువాలో పెట్టు.

ఇట్లు,
మీ మావయ్య