చెప్పులు రెండు జతలు పెట్టుకో

చి. సింధుకి,
అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ నాన్న ఫోన్ చేశాడు. వాడు ఆ టైంలో చేశాడంటే ఎవరో పోయారేమోనని గుండె దడదడలాడింది. తీరా చూస్తే నీ ఉద్యోగం సంగతి. "అక్కా, నీ మేనకోడలు ఆ సఖి కేంద్రంలో, హింసకు గురైన ఆడవాళ్ళని ఆదుకునే చోట, కేస్ వర్కర్‌గా చేరుతోందట. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివించింది ఇందుకా? రేపు సంబంధం వాళ్ళు అడిగితే ఏం చెప్పుకోవాలి?" అని అరగంట నా బుర్ర తిన్నాడు. "నేనూ ఇరవై ఆరేళ్ళు అదే పని చేశాను కదరా" అంటే, "అందుకేగా భయం" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. ఆ తర్వాత నిద్ర రాలేదు. నాలుగింటికే లేచి కాఫీ పెట్టుకుని ఇది మొదలుపెట్టాను. వాట్సాప్‌లో పంపితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతావు. అందుకే కాగితం.

గర్వంగా ఉందా అంటే ఉంది. నీ ఏడో ఏట మా ఆఫీసుకొచ్చి, అక్కడ ఏడుస్తున్న పిల్లాడికి నీ బిస్కెట్లన్నీ ఇచ్చేసి, ఇంటికొచ్చాక నాకు బిస్కెట్లేవని రాగం తీశావు. అప్పుడే అనుకున్నాను, ఇది ఎప్పటికైనా ఇటే వస్తుందని. ఇచ్చేశాక ఏడవకుండా ఉండటం నేర్చుకున్నావో లేదో మాత్రం తెలీదు.

ట్రైనింగ్‌లో చెప్పేవి నేను చెప్పను. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు గోడ మీదే ఉంటుంది. గృహహింస వివరాలు రాసే డీఐఆర్ ఫారం నింపడం వారం రోజుల్లో వచ్చేస్తుంది. భార్యను హింసించే భర్త, అత్తింటివాళ్ళ మీద పెట్టే 498ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. ఏ స్టేషన్‌కి వెళ్ళినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే, మా పరిధి కాదని పంపించేస్తే ఊరుకోకు. దెబ్బలతో వచ్చిన మనిషికి ముందు వైద్యం, తర్వాతే కాగితాలు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పొకటి ఉంది. అది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

1997 అనుకో. ఊరు చెప్పను, పేరు చెప్పను. రెండు మూడు వివరాలు మార్చే రాస్తున్నాను, అవేమిటో నీక్కూడా చెప్పను. గృహహింస చట్టం అప్పటికింకా లేదు. అది 2005లో వచ్చి, 2006 అక్టోబర్‌లో గానీ అమలు కాలేదు. ఇంట్లోంచి గెంటేస్తే ఆ ఇంట్లోనే ఉండే హక్కు నాకుందని అడగడానికి ఇప్పుడున్నంత దారి లేదు. మా చేతిలో ఉన్నవల్లా పోలీసు కేసు, మనోవర్తి, లేదంటే రాజీ. మా కౌన్సెలింగ్ సెంటర్ రిజిస్టర్‌లో చివరి గడి పేరే 'రాజీ కుదిరినవి'. ఏడాది చివర ఆ గడిలో అంకె పెద్దదైతే మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు. నాకూ పొంగుగానే ఉండేది. వీధిలో వెళ్తుంటే "కాపురాలు నిలబెట్టే అమ్మ" అనేవాళ్ళు. ఆ మాట విని మీ మామయ్య "నా కాపురం కూడా కాస్త చూడు, కూర మాడింది" అని ఏడిపించేవారు.

ఆమె మేనమామను వెంటబెట్టుకుని వచ్చింది. భర్త స్కూల్లో టీచరు. నేను కబురు పెట్టగానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు జోడించి నమస్కారం, నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. అంత మర్యాద చూసి నేను సగం కరిగిపోయాను. ఇద్దరినీ నా బల్ల ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టాను. "చెప్పమ్మా, ఏం భయపడకు, నేనున్నాను కదా" అన్నాను.

అతని చేతిలో స్కూటర్ తాళాల గుత్తి ఉంది. దాన్ని వేలికి వేసుకుని మెల్లగా తిప్పుతున్నాడు. ఆమె నా మొహం వైపు చూడలేదు, ఆ తాళాల వైపే చూస్తోంది. "ఏం లేదు మేడం, చిన్న చిన్న గొడవలే" అంది. నేను విన్నది ఆ మాట ఒక్కటే. తాళాలు కళ్ళకు కనబడుతూనే ఉన్నాయి, బుర్రకెక్కలేదు.

పది రూపాయల స్టాంపు కాగితం తెప్పించాను. 'ఇకమీదట భార్యపై చేయి చేసుకోను' అని అతని చేత రాయించాను. అతను చాలా వినయంగా, "మేడం, ఆవిడ వైపు నుంచి కూడా ఒక మాట ఉంటే బాగుంటుంది కదా, లేకపోతే నేనొక్కణ్ణే దోషినైనట్టుంటుంది" అన్నాడు. నాకది న్యాయంగానే తోచింది చూడు, అక్కడుంది నా తెలివి! ఇద్దరినీ సమానంగా చూడాలని మాకు నేర్పించారు మరి. 'భర్తకు చెప్పకుండా పుట్టింటికి వెళ్ళను' అని ఆమె చేత రాయించి సంతకం పెట్టించాను. కింద సాక్షి అని నా సంతకం, సెంటర్ ముద్ర. కొట్టినవాణ్ణీ, దెబ్బలు తిన్నదాన్నీ త్రాసులో చెరో పక్క కూర్చోబెట్టి సరితూగించానన్నమాట. రిజిస్టర్‌లో చివరి గడి నింపుకుని ఆ పూట పెందలాడే ఇంటికెళ్ళి బజ్జీలు వేశాను. బజ్జీలు కూడా గుర్తున్నాయి.

తొమ్మిది నెలలకి మోచెయ్యి విరిగి పుట్టింటికి పరుగెత్తింది. అన్నదమ్ములు పెద్దమనుషుల్ని పిలిచారు. అతను జేబులోంచి ఆ కాగితం తీశాడు. లామినేషన్ చేయించి పెట్టుకున్నాడే తల్లీ! "చూడండి, చెప్పకుండా రానని మేడం గారి ముందు సంతకం పెట్టింది" అన్నాడట. మొదటి వాక్యం ఎవరూ చదవలేదు. "ఆఫీసులో మేడమే రాయించాక ఇంక మనమేం మాట్లాడతాం" అని ఆ పిల్లను మళ్ళీ బస్సెక్కించారు.

ఇదంతా నాకు తెలిసింది ఇంకో ఏడాదికి. ఒకరోజు ఆఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పాప. కాళ్ళకు చెప్పుల్లేవు, పాదాల నిండా మట్టి, ఒక వేలి గోరు లేచిపోయి ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మేడం, ఆ కాగితం మీరే రాయించారు కదా. మీరే కొట్టేయండి" అంది. వేరే ఏమీ అడగలేదు. నిజానికి ఆ కాగితానికి కోర్టులో చిల్లిగవ్వ విలువ లేదు. ఆ సంగతి ఆమెకి చెప్పిందెవరు? ఆ దాదాపు రెండేళ్ళూ నా సంతకమే ఆమె కాళ్ళకు సంకెల.

నా చెప్పులు విప్పి ఆమెకిచ్చాను. ఒక సైజు పెద్దవి. తర్వాత ఏమైందని అడుగుతావు. బతికింది. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు.

అందుకని సింధూ, ముందు ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడుగు. వెంట వచ్చినవాళ్ళు భర్తే కానక్కర్లేదు, కన్నతల్లి అయినా సరే బయట కూర్చోమను. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని పెంచిన తల్లి పక్కనుంటే ఆ పిల్ల నోరెలా విప్పుతుంది? తండా నుంచి వచ్చిన అమ్మకి తెలుగు సరిగ్గా రాకపోతే, కూడా వచ్చిన మరిదిని చెప్పమనకు. ఆమె పది మాటలు చెబితే అతను రెండు చెబుతాడు, ఆ రెండూ అతనివే అయి ఉంటాయి. పరాయి తండా మనిషిని, ఆడమనిషిని వెతుక్కో. ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇక నీ ముందు ఎవరైనా స్టాంపు కాగితం తీస్తే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.

ఇంకో భయం కూడా ఉంది, అది నీ గురించే. నాకు కాపురాలు నిలబెట్టే పిచ్చి ఉండేది. నీకు విడగొట్టే పిచ్చి పడుతుందేమోనని. కోప్పడకు. చదువుకున్న పిల్లవి, నీ జీతం నీ చేతికొస్తుంది, "వాణ్ణి వదిలేసి వచ్చెయ్" అనడం నీకు తేలిక. ఆమెకి ఇద్దరు పిల్లలు, డ్వాక్రా లోను, అత్త పేరు మీద రేషన్ కార్డు. మీ కేంద్రంలో ఉండనిచ్చేది అయిదు రోజులు. ఆరో రోజు ఎక్కడికి? దానికి జవాబు నీ దగ్గర లేనప్పుడు వచ్చెయ్యమనకు. ఆమె వెనక్కి వెళ్తానంటే వెళ్ళనీ. మళ్ళీ వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. నాలుగోసారి వచ్చినప్పుడు నీ మొహంలో "మళ్ళీనా?" అనేది కనబడిందో, అయిదోసారి రాదు. నాకు అలా రాకుండా పోయినవాళ్ళున్నారు. వాళ్ళ గురించి రాయలేను.

మైనర్ పిల్లల విషయం వేరు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి ఆంటీ" అంటారు. వెయ్యకు. పద్దెనిమిది నిండని పిల్లపై లైంగిక దాడి జరిగిందని తెలిశాక పోలీసులకు చెప్పకపోతే పోక్సో ప్రకారం నేరం నీదవుతుంది. పిల్ల నోరు విప్పకముందే ఆ సంగతి చెప్పు: "నువ్వు చెప్పేది కొంత నేను దాచలేనమ్మా, ఎవరికి చెప్పాలో నీకు ముందే చెబుతాను" అని. అది విని కొందరు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతారు. కడుపులో దేవినట్టుంటుంది. అయినా మాయమాటలు చెప్పి గుట్టు లాగడం కంటే అదే నయం.

ఆస్పత్రిలో నువ్వు పక్కనే ఉండు. అత్యాచారం జరిగిన మనిషికి రెండు వేళ్ళ పరీక్ష కూడదని సుప్రీంకోర్టు 2013లో ఒకసారి అంది, 2022లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, అలా చేసేవాళ్ళు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని. మళ్ళీ ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఆలోచించు. కేస్ షీట్‌లో 'సంభోగానికి అలవాటుపడిన' లాంటి మాట కనబడితే అక్కడే అడ్డం పడు, డాక్టర్ గారికి కోపమొచ్చినా సరే.

ఫోన్ దగ్గర మరీ జాగ్రత్త. నువ్వు చేసినప్పుడు ఎత్తేది ఆమే అని అనుకోకు. మగ గొంతు వినిపిస్తే ఏం చెప్పాలో ముందే ఆమెతో అనుకుని పెట్టుకో. మేమైతే "బ్లౌజులు కుట్టడం అయిపోయింది, వచ్చి తీసుకెళ్ళమనండి" అనేవాళ్ళం. ఆమె సంగతులు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టకు. 2019లో శంషాబాద్ దగ్గర ఆ డాక్టరమ్మాయికి అంత ఘోరం జరిగితే, పేరూ ఫోటో ఊరంతా తిప్పారు. ఆ తర్వాతే దిశ అనే పేరొచ్చింది. మంచి ఉద్దేశంతో ఫార్వర్డ్ చేసినవాళ్ళలో మన ఇంట్లోవాళ్ళూ ఉన్నారు, నీకు తెలుసు.

నువ్వు వేళకి తిను. ఏడుపొస్తే బాత్రూంలోకి వెళ్ళి ఏడు, ఆమె ముందు కాదు. నిన్ను ఓదార్చే పని కూడా ఆమె మీద పెట్టకు. నైట్ డ్యూటీ అయ్యాక ఒంటరిగా ఆటో ఎక్కకు, మీ నాన్నని రమ్మను. వాడు గొణుగుతాడు గానీ గంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడతాడు, నాకు తెలుసు. వాడి సంబంధాల గోల నాకొదిలెయ్.

ఆర్టీసీ కార్గోలో ఒక పార్సిల్ వేస్తున్నాను. చెప్పులు రెండు జతలు, ఏడో నంబరొకటి, ఎనిమిదో నంబరొకటి. మామూలు హవాయి చెప్పులే. రెండు నైటీలు, పిల్లలకి బిస్కెట్లు. నీ బల్ల కింద పెట్టుకో. బిస్కెట్లు మాత్రం నువ్వు తినకు. చెప్పులు అయిపోగానే చెప్పు, మళ్ళీ పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్త