సారు హైదరాబాద్ నుంచి ఎప్పుడొస్తారు?

అడిగిన ప్రశ్న ఇది: "ఓట్లేసి గెలిపించిన ఎమ్మెల్యే మా వీధి డ్రైనేజీ కూడా బాగుచేయించలేకపోయాడు. ఆ మాటంటే, నాయకుల నుంచి మీరు మరీ ఎక్కువ ఆశిస్తున్నారు అంటున్నారు. నిజంగా అతిగా ఆశిస్తున్నామా?"

ఆశిస్తున్నామండీ, అందులో అనుమానం లేదు. కాకపోతే మీ డ్రైనేజీ ఆ లెక్కలోకి రాదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపికపట్టండి.

ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో, డిగ్రీ పూర్తయ్యి ఖాళీగా తిరుగుతున్నప్పుడు, కోస్తా జిల్లాలో ఒక ఎమ్మెల్యేగారి క్యాంపు ఆఫీసులో పీఏకి చేదోడుగా చేరాను. మా బాబాయి సిఫార్సుతోనే చేరాననుకోండి, అది వేరే సంగతి. జనం తెచ్చిన అర్జీలు తీసుకోవడం, రిజిస్టర్లో రాయడం, లెటర్లు టైపు చేయడం నా పని. ఆయన పేరు, పార్టీ ఇక్కడ అనవసరం. ఆ తర్వాత పనుల మీద వెళ్ళి చూసిన వేరే పార్టీల ఆఫీసులూ ఇంచుమించు అలాగే నడిచేవి.

తెల్లారేసరికి వరండా ముందు చెప్పుల గుట్ట. కొడుక్కి సబ్‌స్టేషన్లో షిఫ్ట్ ఆపరేటర్ పోస్టు వేయించమని ఒకాయన. ఇంజనీరింగ్ కాలేజీకి ఫోన్ చేసి ఫీజు తగ్గించమనండని ఇంకొకాయన. ఒక టీచరమ్మ బదిలీ. తిరుమల దర్శనానికి లెటర్. పొలం గట్టు జరిపాడని తమ్ముడి మీద అన్న, ఆయన వెనకాలే ఆ తమ్ముడు. అల్లుడు మా పిల్లని ఏలుకోవట్లేదు, మీరొక్క మాట చెప్తే వింటాడు అని ఒక పెద్దావిడ.

వీటిలో చట్టం ఎమ్మెల్యేకి అధికారం ఇచ్చిన పని ఏదో చెప్పండి చూద్దాం. తిరుమల లెటరొక్కటే కాస్త లెక్కలో ఉన్న పని, దాన్ని టీటీడీ వాళ్ళు ఒప్పుకుంటారు గనక. మిగతావన్నీ ఇంకొకరి కుర్చీలో జరగాల్సిన పనులు. అయినా ఏ ఒక్కరికీ "ఇది నా వల్ల కాదు" అని చెప్పి పంపిన గుర్తు నాకు లేదు. అందరికీ లెటర్ ఇచ్చేవాళ్ళం. "తగు చర్య నిమిత్తం" అని కింద ఒక ముక్క, సంతకం, స్టాంపు.

లోపలి కిటుకేమిటంటే, లెటర్ అందరికీ, ఫోన్ కొందరికే. లెటర్ వెనకాల ఫోన్ రాకపోతే అది ఉత్త కాగితమేనని తహసీల్దారుకీ తెలుసు, మాకూ తెలుసు. తెలియనిదల్లా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మురిసిపోతూ వెళ్ళే మనిషికే. కొన్నాళ్ళకి ఆయనే వచ్చి, "సారు రాసిచ్చాడు, ఆ ఆఫీసరే కదలట్లేదు" అని తిట్టిపోసేవాడు. తిట్లు ఆఫీసరుకి, ఓటు మనకి.

పెళ్ళిళ్ళ సీజన్ అయితే చెప్పక్కర్లేదు. కారులో కవర్లు రెండు కట్టలు సిద్ధంగా ఉండేవి. ఒక దాంట్లో 516, రెండో దాంట్లో 1116. ఎవరికే కట్టలోంచి తీయాలో పీఏ కళ్ళతోనే చెప్పేవాడు. నేను శుభలేఖ చూసి వధూవరుల పేర్లు కవరు మీద రాసేలోపు కారు పందిరి ముందు ఆగేది. అక్షింతలు, ఫోటో, మళ్ళీ కారు. అంత చేసినా "భోంచేయకుండా పోయాడు, మనమంటే లెక్కలేదు" అనేవాళ్ళు తప్పనిసరిగా ఉండేవాళ్ళు. పెళ్ళికి రాకపోతే సర్దుకుంటారుగానీ, దినానికి రాకపోతే మాత్రం ఆ ఇంటి వాళ్ళు ఐదేళ్ళూ గుర్తుపెట్టుకుంటారు. మా దగ్గర పనిచేసే సీనియర్ ఒకాయన అనేవాడు, "అసెంబ్లీలో ఏం మాట్లాడాడో ఎవడు చూశాడబ్బాయ్, దినానికి రాలేదన్నది ఊరంతా చూసింది" అని.

అసెంబ్లీ జరిగే రోజుల్లో క్యాంపు ఆఫీసుకి వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే, "సారు హైదరాబాద్ నుంచి ఎప్పుడొస్తారు?" ఆయన తన డ్యూటీలో ఉన్న ఆ నాలుగు రోజులే మన లెక్కలో డ్యూటీ ఎగ్గొట్టిన రోజులు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదన్నదొక్కటే రాజ్యాంగం పెట్టిన హద్దు, ఇన్ని రోజులు జరపాలన్న నియమమేదీ లేదు. ఆ జరిగే కాసిని రోజులకీ ఆయన ముందే లేచొచ్చేస్తే ఇక్కడ సంబరం. నేనున్నంతకాలం, ఈసారి ఏం ప్రశ్న వేశారు, ఫలానా బిల్లుకి ఎందుకు చెయ్యెత్తారు అని అడిగినవాడు ఒక్కడూ నాకు తారసపడలేదు. అడిగినా జవాబు పెద్దగా ఉండేది కాదనుకోండి. 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చాక పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) జారీచేస్తే ఎమ్మెల్యే దాని ప్రకారం ఓటెయ్యాల్సిందే, లేకపోతే సభ్యత్వానికే ఎసరు. తన సొంత సభలోనే చెయ్యి కట్టేసి ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి మనం అల్లుడికి బుద్ధి చెప్పమంటున్నాం.

నిధులైనా ఉంటాయిగా అంటారు. ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల పేరున ఉండే నియోజకవర్గ అభివృద్ధి నిధుల సంగతే చూడండి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. వినడానికి బాగానే ఉంటుంది. మనవైపు ఒక లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలుంటాయి, అంటే ఒక్కోదానికి 71 లక్షల చిల్లర. నియోజకవర్గంలో ఎనభై ఊళ్ళుంటే ఊరికి లక్ష కూడా పడదు. ఆ డబ్బూ ఆయన చేతికి రాదు, ఆయన పని సూచిస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం.

ఇంతవరకూ చదివి పాపం నాయకులు అనుకునేరు. ఆగండి.

ఒకావిడ మా ఆఫీసుకి తిరుగుతూ ఉండేది. భర్త పోయి ఏడాది దాటినా వితంతు పింఛను రాలేదు. అప్పట్లో అది నెలకి 200 రూపాయలు. ఇబ్బందేమిటంటే, రేషన్ కార్డులో భర్త పేరు వెంకటేశ్వర్లు, మరణ ధ్రువపత్రంలో వెంకటేశులు. మండలాఫీసు వాళ్ళు పంచాయతీకి పొమ్మనడం, పంచాయతీ కార్యదర్శి తహసీల్దారు దగ్గరికి పొమ్మనడం, ఆయన మళ్ళీ మొదటికి తిప్పడం. ఒకరోజు సారు తీరిగ్గా ఉండి, ఆవిడ మాట విని, ఎంపీడీవోకి ఫోన్ కలపమన్నారు. ఆ వారంలోనే పని అయిపోయింది. సంక్రాంతికి ఆవిడ అరిసెలు పట్టుకొచ్చి "నువ్విచ్చిన పింఛనే బాబూ" అంది. అది సర్కారు ఖజానా డబ్బు, ఆవిడ హక్కు. సారు ఆ ముక్క చెప్పలేదు. అరిసె తుంచి నోట్లో వేసుకుని, "నీకేం కావాలన్నా నేనున్నా పెద్దమ్మా" అన్నారు.

ఆ పేరు తేడాని ఎవరి సిఫార్సూ లేకుండా సరిచేసే పద్ధతి మండలాఫీసులో ఉంటే ఆవిడ మా గుమ్మం తొక్కేది కాదు. అలాంటి పద్ధతి తేవడం సరిగ్గా ఎమ్మెల్యే చేయగల పని. సభలో అడగొచ్చు, మంత్రిని నిలదీయొచ్చు. కానీ తెస్తే వరండా ఖాళీ అయిపోతుంది. మన అతి ఆశ మీద బతికేవాళ్ళు దాన్ని ఎందుకు తగ్గిస్తారండీ?

దీనికి పెద్ద ఉదాహరణ మన కళ్ళముందే జరిగింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ ప్రభుత్వం సుమారు యాభై ఇళ్ళకి ఒక వాలంటీరుని పెట్టింది, అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు తెచ్చింది. పింఛను ఒకటో తారీఖున గుమ్మంలోకి వచ్చింది. వాలంటీర్లు పార్టీ మనుషులేనన్న గొడవ వేరే ఉంది, దాని జోలికి పోను. 2024లో ఓడిపోయాక ఆ పార్టీ వాళ్ళే కొందరు, వాలంటీర్ల వల్ల మాకూ జనానికీ మధ్య సంబంధం తెగిపోయిందని బాహాటంగా వాపోయారు. పని ఆగినందుకు ఏడ్చే నాయకులను చూశాంగానీ, మన చేతిమీదుగా జరగలేదని ఏడ్చినవాళ్ళను అప్పుడే చూశాం. కొత్త ప్రభుత్వం ఆ పాఠం వెంటనే వంటబట్టించుకుంది. 2024 జులై 1న పింఛన్లు సచివాలయ ఉద్యోగులతో ఇళ్ళకే పంపారు, అయినా ముఖ్యమంత్రి చంద్రబాబు స్వయంగా పెనుమాకలో లబ్ధిదారు ఇంటికి వెళ్ళి ఇచ్చారు. డబ్బిచ్చే చెయ్యి ఎవరిదో కనపడాలి. ఏ పార్టీకైనా అదే ముఖ్యం.

ప్రచారంలో "మీ ఇంటి పెద్దకొడుకులా చూసుకుంటా" అని చేతులు పట్టుకునేది వాళ్ళే. పెద్దకొడుకునన్నాక చెల్లెలి కాపురం, తమ్ముడి ఉద్యోగం మీదపడతాయి మరి. రాష్ట్రం మొత్తానికీ ఇదే తంతు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కి ప్రత్యేక హోదా ప్రకటించారు, ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. అయినా ఆ తర్వాత ఎన్నికల్లో ప్రతివాళ్ళూ తెస్తామన్నవాళ్ళే. 2019లో 25కి 22 మంది ఎంపీలను ఒకే పార్టీకి ఇచ్చి చూశాం, అటు ఢిల్లీలో బీజేపీకి ఒంటరిగానే 303 వచ్చాయి. ఎవరి మద్దతూ అక్కర్లేనివాడి ముందు 22 అయితేనేం, 25 అయితేనేం? ఈ లెక్క ఓటు అడిగేటప్పుడే మనకి చెప్పుండాల్సింది.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా, ఓటుకి డబ్బు తీసుకున్నవాళ్ళకి అడిగే హక్కు లేదని ఒకరు తప్పకుండా అంటారు. నేనొప్పుకోను. పంచినవాడు గెలిచి కుర్చీలో కూర్చోవచ్చట, తీసుకున్నవాడు మాత్రం నోరు మూసుకోవాలట!

ఇక మీ డ్రైనేజీ. అది మున్సిపాలిటీ పని. వార్డు కౌన్సిలర్, ఇంజనీరు, కమిషనర్, ఈ ముగ్గురి చేతిలో ఉంటుంది. అలాగని ఎమ్మెల్యేని వదిలేయమనట్లేదు. మున్సిపల్ కౌన్సిల్లో ఆయన ఎక్స్ అఫీషియో సభ్యుడు, అంటే పదవిరీత్యా సభ్యుడు. ఛైర్మన్ ఎన్నిక రోజున ఆ ఓటు వెయ్యడానికి ఎంత దూరం నుంచైనా వస్తారు, మామూలు సమావేశాలకే తీరిక దొరకదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టిపెట్టింది. మీ ఊరికి అందులో ఎంత వచ్చింది, ఏ వీధుల్లో ఖర్చుపెట్టారు, మీ వీధికి ఎస్టిమేట్ వేశారా లేదా, ఈ మూడూ సమాచార హక్కు కింద అడగండి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. కౌన్సిలర్‌ని వెంటబెట్టుకుని అడిగితే ఇంకా మంచిది, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఆయనకే తెలుస్తుంది.

ఆ జవాబు చేతికొచ్చాక ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళండి. పదిమంది కలిసి వెళ్ళండి. అర్జీ మాత్రం ఇవ్వకండి, ఇస్తే లెటర్ చేతిలో పెట్టి పంపిస్తారు. వచ్చే కౌన్సిల్ సమావేశానికి వస్తున్నారా లేదా, ఈ అంశం ఎజెండాలో పెట్టిస్తారా లేదా అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.