యుద్ధ చరిత్ర రాయాలనుకునే అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ముందు యుద్ధ చరిత్రలో పరిశోధన చేసి, తర్వాత వ్యూహ అధ్యయనాల వైపు వెళ్లాలనుందని రాశావు. ఆ వరుస మాత్రం తప్పకు. నేరుగా వ్యూహం మీద వ్యాసాలతో మొదలుపెట్టినవాళ్లు వార్తల వెంట పరిగెత్తడంలోనే అలిసిపోతారు. ఒక్క పోరాటాన్ని, ఒక్క పూటదైనా సరే, రెండు పక్షాల కాగితాలతో గంట గంటకూ తేల్చు. తర్వాత నువ్వు ఏం చెప్పినా దానికి బరువు అక్కడి నుంచే వస్తుంది.

1916 జులై 1, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ వాళ్లు జర్మన్ల మీద దాడికి దిగిన సోమ్ యుద్ధం మొదటి రోజునే తీసుకో. బ్రిటిష్ దళాల యుద్ధ డైరీలు, అంటే ఒక్కో దళం రోజువారీగా రాసుకున్న దినచర్యలు, లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, డబ్ల్యూఓ 95 వరుసలో ఉంటాయి. సి.2118 నంబరు ఫారం మీద చోటు, తేదీ, గంట, జరిగిన సంగతి అని గళ్లుంటాయి. చివరి గడిలో అనుబంధాల నంబర్లుంటాయి. చాలామంది దాన్ని దాటేస్తారు. నువ్వు అక్కడే మొదలుపెట్టు. డైరీ పోరు ముగిశాక తీరిగ్గా రాసింది కావచ్చు, రాయాల్సిన అధికారి చనిపోతే ఇంకొకరు విని పూర్తి చేసింది కావచ్చు. అనుబంధాల్లో ఆజ్ఞలు, పటాలు, సందేశపు చీటీలు దొరుకుతాయి. చీటీ పంపిన వేళా అందిన వేళా రెండూ ఉంటే వాటి మధ్య ఎడం లెక్క కట్టు. పై అధికారి వింత ఆజ్ఞ ఎందుకిచ్చాడో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. అతని చేతికి వచ్చిన వార్త అప్పటికే పాతబడిపోయి ఉంటుంది.

గడియారాల సంగతి మరవకు. ఆ రోజు బ్రిటిష్ కాగితాల్లో దాడి ఉదయం 7.30కి మొదలైతే, జర్మన్ కాగితాల్లో 8.30కి మొదలవుతుంది. జర్మన్ల గడియారం గంట ముందు నడిచేది. అది తెలియకపోతే ఎక్కడా జరగని ఆలస్యాన్ని నువ్వే పుట్టిస్తావు. జర్మన్ల చేతిలో ఉన్న హాథార్న్ దిబ్బ కింద సొరంగం తవ్వి పెట్టిన మందుపాతరను బ్రిటిష్ వాళ్లు తమ గడియారం ప్రకారం 7.20కి, అంటే దాడికి పది నిమిషాల ముందు పేల్చారు. ఆ కాస్త వ్యవధిలో జర్మన్ సైనికులు తేరుకుని గొయ్యి అంచు పట్టుకోగలిగారు. ఈ పోరులో పది నిమిషాలే ప్రాణం, కాబట్టి రెండు పక్షాల వేళలనూ ఒకే గడియారానికి మార్చి పట్టికగా రాసుకో.

అంశం ఎంచుకునే ముందు అవతలి పక్షం కాగితాలు మిగిలాయో లేదో చూడు. అప్పటి జర్మనీలో ప్రష్యా, బవేరియా, వుర్టెంబర్గ్ లాంటి రాజ్యాలకు వేర్వేరు దస్త్రాలుండేవి. ప్రష్యా సైన్యపు దస్త్రాల్లో అధిక భాగం 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయాయి. బవేరియా దస్త్రాలు మ్యూనిక్‌లో, వుర్టెంబర్గ్ దస్త్రాలు స్టుట్‌గార్ట్‌లో ఉన్నాయి. హాథార్న్ దిబ్బను కాచింది 119వ రిజర్వ్ రెజిమెంట్, వుర్టెంబర్గ్‌దే. అందుకే ఆ చోటు కొత్తవాళ్లకు బాగా పనికొస్తుంది. జర్మన్ నేర్చుకుంటే సరిపోదమ్మా. పాత చేతిరాత చదవడం వేరే విద్య. రోజూ అరగంట సాధన చెయ్యి.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ రోజు బ్రిటిష్ నష్టం 57,470 అంటే అంతమందీ చనిపోయారని కాదు. మృతులు 19,240. మిగతావాళ్లు గాయపడినవాళ్లు, జాడ తెలియనివాళ్లు, పట్టుబడినవాళ్లు. అలాగే ఒక దళం బలం అని రాసి ఉంటే అది తిండి పెట్టాల్సిన అందరి లెక్కా, తుపాకీ పట్టి పోరాడేవాళ్ల లెక్కా అని అడుగు.

పాత యుద్ధాలకు మేత లెక్క వేసి చూడు. గుర్రానికి రోజుకు మేతా దాణా కలిపి దాదాపు 10 కిలోలు పడుతుంది. 10,000 గుర్రాలకు 100 టన్నులు. రెండు గుర్రాల బండి అర టన్ను మోస్తుందనుకుంటే 200 బండ్లు కావాలి. వాటిని లాగే 400 గుర్రాలు రోజుకు మరో 4 టన్నులు తింటాయి. డిపో ఐదు రోజుల దూరంలో ఉంటే రానూపోనూ 40 టన్నులు దారిలోనే అయిపోతాయి. సేనాని ఎందుకు ఆగిపోయాడన్న ప్రశ్నకు పిరికితనం అని రాసేముందు ఈ లెక్క వెయ్యి.

ప్రభుత్వాలు రాయించిన అధికారిక యుద్ధ చరిత్రలను గౌరవంగా, అనుమానంగా చదువు. బ్రిటిష్ వాళ్లు చిత్తు ప్రతులను పోరులో ఉన్న అధికారులకు పంపి అభిప్రాయాలు తీసుకున్నారు. ఆ ఉత్తరాలు క్యూలోనే సీఏబీ 45 అనే వరుసలో ఉన్నాయి. అచ్చులో మెత్తబడిన మాట అక్కడ గట్టిగా వినిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం మీద 1974కు ముందు వచ్చిన పుస్తకాలను ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. జర్మన్ సంకేతాలు ఛేదించిన అల్ట్రా రహస్యం లోకానికి తెలిసింది ఆ ఏడాదే.

ఇక కొలువుల మాట. విశ్వవిద్యాలయాలు, సైనికాధికారులకు పై శిక్షణ ఇచ్చే స్టాఫ్ కాలేజీలు, పరిశోధన సంస్థలు, ఉన్న దారులు ఇవే. డాక్టరేట్ దాదాపు తప్పనిసరి. స్టాఫ్ కాలేజీలో వినేవాళ్లు నీకంటే సైన్యం ఎక్కువ తెలిసినవాళ్లు. వాళ్లకు రెండు పేజీలు మించకుండా రాయి, తేల్చిన మాట మొదటి పేరాలో పెట్టు, తెలిసినదీ ఊహించినదీ విడివిడిగా చూపించు. సోమ్‌లో ఇలా జరిగింది కాబట్టి రేపూ ఇలాగే జరుగుతుందని ఎన్నడూ రాయకు. ఏ పరిస్థితులు కలిస్తే అలా జరిగిందో చెప్పు, వాటిలో ఇప్పుడు ఏవి లేవో కూడా చెప్పు.

ఆర్కైవ్స్‌లో ఫోటో తీసేటప్పుడు ప్రతి ఫైలుకూ ముందు అట్ట మీది నంబరు తీసి, తర్వాతే లోపలి పేజీలు తియ్యి. నంబరు లేని ఫోటో ఎంత గొప్పదైనా పాదసూచికలో పెట్టలేవు. మొదటి అధ్యాయం చిత్తు ప్రతి పంపు. దానితో పాటు 1:10,000 కందకాల పటం మీద రెండు పక్షాల స్థానాలూ గీసి, వేళల పట్టిక కూడా జతచెయ్యి. అవి లేకుండా పంపకు.

ఇట్లు,
పెదనాన్న