సినిమా కనిపెట్టింది ఎడిసనా, లూమియేర్ సోదరులా?

అమెరికా ఎడిసన్ ముందా, ఫ్రాన్సు లూమియేర్ సోదరులు ముందా అని అడిగారు. డిజిటల్ రాకముందు మా ఊరి హాల్లో ఆపరేటరుగా చేశాను. రీళ్ళు ఎక్కించిన అనుభవంతో చెప్తున్నాను, నా ఓటు లూమియేర్‌లకే.

తెర మీద బొమ్మ కదలాలంటే గేటులో, అంటే ప్రొజెక్టరు దీపానికీ లెన్సుకీ మధ్య చోట, ఫిల్ము ఆగాలి. ఒక్కో ఫ్రేము నిలబడాలి, షట్టరు వెలుతురుకి అడ్డొచ్చిన క్షణంలో కిందికి జరగాలి, మళ్ళీ నిలబడాలి. సెకనుకి 24 సార్లు. మా మెషిన్లో ఈ పని మాల్టీస్ క్రాస్ అనే చీలికల చక్రం చేసేది. పై స్ప్రాకెట్, అంటే పళ్ళ చక్రం, ఫిల్మును ఆగకుండా వదులుతుంది, గేటులో అదే ఫిల్ము ఆగి ఆగి నడుస్తుంది. ఆ తేడాకి మధ్యలో కొంచెం వదులుగా లూపు ఉంచేవాళ్ళం. లూపు పోయిందా, బొమ్మ ఎగిరిపడేది, ఒక్కోసారి ఫిల్మే తెగేది. ఇక హాల్లో ఈలలు, కేకలు.

ఎడిసన్ కైనెటోస్కోప్, అంటే కన్ను ఆనించి కదిలే బొమ్మలు చూసే పెట్టె, 1894లో న్యూయార్కులో జనంలోకి వచ్చింది. ఆ పెట్టెలో ఫిల్ము ఆగదు. పరుగెత్తే ఫిల్మును సన్నటి చీలిక ఉన్న చక్రం తళుక్కున చూపిస్తుంది. ఆ కాస్త వెలుతురు కన్ను ఆనించి చూసే ఒక్క మనిషికి చాలు, తెరకి చాలదు.

లూయీ లూమియేర్ కుట్టుమిషను బట్టని జరిపే తీరు నుంచి ఆలోచన అందుకున్నాడు. రెండు పళ్ళ కొక్కెం ఫిల్ము రంధ్రాల్లో దిగి, ఒక ఫ్రేము లాగి, వెనక్కొచ్చేస్తుంది. 1895 డిసెంబరు 28న పారిస్ గ్రాండ్ కెఫేలో డబ్బిచ్చి వచ్చినవాళ్ళకి పది చిత్రాలు చూపించారు, ఒక్కోటి నిమిషం లోపే. చేత్తో తిప్పే ఆ తేలికైన పెట్టె తీయడానికీ, ప్రింటు వేయడానికీ, చూపించడానికీ పనికొచ్చేది. అందుకే 1896 జులై 7 నాటికే బొంబాయి వాట్సన్ హోటల్లో ఆట పడింది.

బెర్లిన్లో స్క్లడనోవ్‌స్కీ సోదరులు 1895 నవంబరులోనే టికెట్టు పెట్టి ఆడించిన మాట నిజమే, కానీ వాళ్ళ యంత్రం నిలదొక్కుకోలేదు. నాకు మనసు కలుక్కుమనేది లూయీ లె ప్రిన్స్ గురించి. 1888లోనే లీడ్స్‌లో కదిలే బొమ్మలు తీశాడాయన. 1890లో దిజోన్‌లో రైలెక్కాడు, మళ్ళీ కనిపించలేదు.

ఎడిసన్ వైపు నేను దణ్ణం పెట్టేది ఆయన దగ్గర పనిచేసిన డిక్సన్‌కి. 35 ఎంఎం వెడల్పు, ఫ్రేముకి అటూ ఇటూ నాలుగేసి రంధ్రాలు, ఈ కొలతలు ఆయన చేతిలో ఖరారైనవే. మా హాల్లో చివరి ఆట దాకా నేను ఎక్కించిన ఫిల్ము కొలత అదే.