తాతగారి ముఖం కుట్టిన అమ్మాయి ఇంటర్ తర్వాత ఏం చదవాలి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. హైస్కూల్లో సరదాగా మొదలుపెట్టిన ఎంబ్రాయిడరీ ఇప్పుడు దానికి లోకమైపోయింది. పువ్వులూ లతలూ కుట్టదు, మనుషుల ముఖాలే కుడుతుంది. ఈమధ్య పోయిన వాళ్ల తాతగారి ముఖం కుడితే బంధువులంతా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మాకూ కుట్టిపెట్టమని ఆర్డర్లు ఇస్తామంటున్నారు. ఆ ఫొటో పంపుతున్నాను. ఇప్పుడు ఈఏపీసెట్ రాయనంటోంది. వాళ్ల నాన్నగారేమో "మగ్గం వర్క్ చేసుకుని బతుకుతావా?" అని కేకలేస్తున్నారు. ఇందులో భవిష్యత్తు ఉందా? పరీక్షలయ్యేదాకా ఆ ఫ్రేము దాచేయమంటారా?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. కళ్లు బాగా వచ్చాయి. కంట్లో తెలుపు కోసం తెల్లదారం వాడకుండా లేత బూడిద రంగు వాడింది. ఎవరూ చెప్పకుండా ఆ కిటుకు పట్టుకుందంటే ఆ పిల్లకు చూసే కన్ను ఉంది. బుగ్గల దగ్గర మాత్రం కుట్లన్నీ అడ్డంగా ఒకే వరసలో పోయాయి. అందుకే కళ్లలో ఉన్న ప్రాణం ముఖం మొత్తానికీ రాలేదు. ఫొటోను బటర్ పేపర్ మీద ట్రేస్ చేసుకుని, గీతల మధ్య రంగులు నింపుకుంటూ పోయిందనుకుంటాను. నేను చెప్పబోయే సలహా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. మీ అమ్మాయి చేతికి కుట్టు వచ్చేసింది. ఇక రావలసింది బొమ్మ గీయడం.

ముఖం కుట్టేటప్పుడు రంగు ఎంత ముఖ్యమో దారం ఏ వైపు నడుస్తోందన్నదీ అంతే ముఖ్యం. నుదుటి మీద కుట్లు కనుబొమల నుంచి జుట్టు వైపు సాగాలి, ముక్కు మీద కిందికి దిగాలి, బుగ్గ మీద గుండ్రంగా తిరగాలి. పట్టుదారం మెరుపు కుట్టు తిరిగిన దిక్కును బట్టి మారుతుంది కాబట్టి ఒకే రంగు దారంతో కూడా వెలుగునీడలు తెప్పించవచ్చు. 13, 14 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో చర్చి వస్త్రాలు కుట్టినవాళ్లు చేసిన పని ఇదే. ముందు వేసిన కుట్టును సూదితో చీల్చుకుంటూ పోయే స్ప్లిట్ స్టిచ్‌తో బుగ్గ మధ్యలోంచి చుట్లు చుట్లుగా కుట్టుకొచ్చారు. ఆ పనితనానికి ఓపస్ ఆంగ్లికానమ్ అని పేరు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న సయన్ కోప్ అనే వస్త్రం ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి. అందులో ముఖాలను అమ్మాయిని దగ్గరగా చూడమనండి.

మన దేశంలోనే హిమాచల్ ప్రదేశ్‌లో చంబా రుమాళ్లున్నాయి. రాధాకృష్ణుల రాసలీల, పెళ్లి వేడుకలు, వేట దృశ్యాలను సన్నటి మస్లిన్ గుడ్డ మీద పట్టుదారంతో రెండు వైపులా ఒకేలా కనిపించేట్టు కుడతారు. పాతకాలంలో ఆ మనుషుల బొమ్మలను చాలావరకు ఆస్థాన చిత్రకారులు బొగ్గుతో గీసి ఇచ్చేవారు, ఇంటి ఆడవాళ్లు కుట్టేవారు. గీసే చెయ్యి ఒకరిది, కుట్టే చెయ్యి మరొకరిది. ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు. మన ఊళ్లలో మగ్గం పని చేసేవాళ్లలో చాలామంది ఎవరో గీసిన డిజైన్‌నే బటర్ పేపర్ మీద సూదితో చిల్లులు పెట్టి, పొడి రుద్ది గుడ్డ మీదికి దింపుకుంటారు. డిజైన్ గీసేవాళ్లకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కుట్టేవాళ్లకేమో పక్క ఫ్రేము దగ్గర కూర్చున్నవాళ్లతోనే పోటీ. మీ అమ్మాయి ఆ రెండు పనులూ ఒక్కతే చేయగలిగితే ఆమె దారి వేరుగా ఉంటుంది.

వాళ్ల నాన్నగారితో ఒక మాట. మగ్గం వర్క్‌ను చులకన చేయకండి సార్. హైదరాబాద్ నుంచి చిన్న పట్టణాల దాకా ఎన్నో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. మీ జిల్లాలోనే నరసాపురం లేసు అల్లే చేతులు తరాల తరబడి ఇళ్లు నిలబెట్టాయి. ఈ అమ్మాయిని మగ్గం సెంటర్‌లో పెట్టవద్దని నేనూ అంటాను, కానీ కారణం వేరు. పెళ్లి బ్లౌజుల వీపు మీద పల్లకిలో పెళ్లికూతురినీ, రాధాకృష్ణులనీ కుట్టించుకునేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అయితే అక్కడ ముహూర్తానికి అందించడమే లెక్క. బొటనవేలి గోరంత ముఖం మీద గంటలు గంటలు కూర్చుంటే గిట్టుబాటు కాదు. ఆ తొందర అలవాటైతే ఈ పిల్లలో ఉన్న ఓపిక పోతుందని నా భయం. మగ్గం పనిలో వాడే కొక్కెం సూది, అదే ఆరి సూది, పట్టడం మాత్రం నేర్చుకోనివ్వండి. దానికి ఒక వేసవి సెలవు చాలు.

ఇక చదువు. ఈఏపీసెట్ రాయకపోతే కొంప మునిగేదేమీ లేదు, కానీ డిగ్రీ మానేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ రాష్ట్రంలో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ), బీ.డిజైన్ సీట్లకు ఏడీసెట్ అని ప్రవేశపరీక్ష ఉంది. కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ దాన్ని నిర్వహిస్తుంది. నా దృష్టిలో ఈ అమ్మాయికి మొదటి ఎంపిక బీఎఫ్‌ఏ పెయింటింగే. ఎంబ్రాయిడరీ పేరుతో డిగ్రీ దొరకలేదే అని దిగులు పడొద్దు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గీయడం, పుర్రె ఎముకలు ఎలా ఉంటాయి, కండ ఎటు తిరుగుతుంది అన్నది అక్కడే నేర్పుతారు. కుట్టు ఇంట్లో ఎలాగూ సాగుతూనే ఉంటుంది.

రెండో దారి టెక్స్‌టైల్ డిజైన్. హైదరాబాద్ నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ)లో ఉంది, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ ఉంది. రెండింటికీ జాతీయ స్థాయి పరీక్షలే. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా రాయవచ్చు. నోటిఫికేషన్లు పరీక్షకు నెలల ముందే వస్తాయి కాబట్టి ఏమరుపాటుగా ఉంటే ఏడాది పోతుంది. ఫీజు లక్షల్లో ఉంటుందని ముందే తెలుసుకోండి. స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి చేర్పించే పరిస్థితి అయితే బీఎఫ్‌ఏ వైపే మొగ్గమంటాను.

వీటితోపాటు ఖర్చు తక్కువ పని ఒకటుంది. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్‌లోనూ, టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీలోనూ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. చాలామంది టైలరింగ్ ఒక్కటే రాస్తారు. మీ అమ్మాయిని డ్రాయింగ్ కూడా రాయమనండి. తర్వాత వేసవిలో టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తిచేస్తే స్కూల్లో క్రాఫ్ట్ టీచర్‌గా చేరే అర్హత చేతిలో ఉంటుంది.

ఉద్యోగాలెక్కడ అని అడుగుతారు. ముంబైలో చాణక్య అనే ఎంబ్రాయిడరీ సంస్థ ఉంది. 2022 జనవరిలో ప్యారిస్‌లో డియోర్ ఫ్యాషన్ షో జరిగినప్పుడు, మాధవీ పరేఖ్, మను పరేఖ్ దంపతుల చిత్రాలను గోడల నిండా పరిచే పెద్ద పెద్ద ఎంబ్రాయిడరీలుగా చేసి ఇచ్చింది వాళ్లే. ఆ సంస్థ ఆడపిల్లలకు చేతికుట్టు నేర్పే స్కూలు కూడా నడుపుతోంది. ఇలాంటి చోట బొమ్మను చదవగలిగిన, దాన్ని ఏ దారంతో, ఏ కుట్టుతో గుడ్డ మీదికి తేవాలో చెప్పగలిగిన మనిషి కావాలి.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చాక చేతిపని ఏమవుతుందనే టెన్షన్ మీకు ఉంటే, అందులోనూ ఒక ఉద్యోగం ఉందని గుర్తుంచుకోండి. డిజైన్‌ను మిషన్‌కు అర్థమయ్యేట్టు కుట్టు కుట్టుగా మార్చడాన్ని పంచింగ్ అంటారు. ఏ కుట్టు ఎటు తిరగాలో మిషన్‌కు మనిషే చెప్పాలి. చేత్తో బుగ్గ కుట్టిన పిల్లకు ఆ పని తొందరగా అబ్బుతుంది. ఎంపీసీ చదివింది కాబట్టి కంప్యూటర్ అంటే భయమూ ఉండదు.

బంధువులు ఆర్డర్లు ఇస్తామంటున్నారని రాశారు. తీసుకోనివ్వండి, కానీ గంటలు రాసుకోమనండి. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు విడదీసి కుట్టే పని ఇది. అరచేతంత ముఖానికి 40 గంటలు పట్టిందనుకోండి. గంటకు 100 రూపాయలు వేసుకున్నా 4,000 అవుతుంది, దారాలూ ఫ్రేమూ అదనం. మనవాళ్లే కదా అని 500కు చేసిస్తే, తర్వాత ఎవరూ అంతకు మించి ఇవ్వరు. చనిపోయినవాళ్ల ముఖాలు కుట్టేటప్పుడు ముందే ఒక మంచి ఫొటో, వెలుగు ఒక పక్క నుంచి పడినది, అడిగి తీసుకోవాలి. ఫ్లాష్ వేసి తీసిన పాస్‌పోర్ట్ ఫొటోలో నీడలుండవు, దాన్నుంచి ఎవరు కుట్టినా ముఖం చదునుగానే వస్తుంది. సినిమా హీరోల ముఖాలు కుట్టి అమ్మాలని సరదా పడితే మాత్రం వద్దనండి. ఆ ఫొటో మీద తీసినవాళ్లకు హక్కుంటుంది, ఆ ముఖం మీద ఆ నటుడికీ హక్కుంటుంది. తన కోసం కుట్టుకుని గోడకు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు.

మన ఒంటిరంగు గురించి అమ్మాయికే ఒక మాట. దుకాణంలో స్కిన్ కలర్ అని ఇచ్చే గులాబీ ఛాయ దారం మన ముఖాలకు నప్పదు. ఇటుక రంగు, రాగి రంగు, పసుపు కలిసిన గోధుమ రంగు, నీడలకు కాస్త ఊదా కలిసిన గోధుమ రంగు తెచ్చుకో తల్లీ. పెదవుల చుట్టూ గీత గీయకు. రెండు పెదవులూ కలిసేచోట ఒక్క ముదురు వరస పడితే నోరు దానంతటదే కనిపిస్తుంది.

ఫ్రేము దాచేయకండమ్మా. దాచేస్తే చదువు మీద పగ పెంచుకుంటుంది. పరీక్షలయ్యేదాకా ఆదివారం పగలు మాత్రం, కిటికీ వెలుతురులో, కుట్టుకోనివ్వండి. రాత్రిళ్లు బల్బు కింద ఒక్క పోగుతో కుడితే కళ్లు బాగా అలసిపోతాయని గట్టిగా చెప్పండి. చదివి విసుగొచ్చినప్పుడు చేతికి ఒక పెన్సిల్, పుస్తకం ఇచ్చి రోజుకొక ముఖం, ఫొటో చూడకుండా, ఇంట్లో ఎదురుగా ఉన్నవాళ్లది గీయమనండి. మొదటిరోజు వాళ్ల నాన్నగారినే కూర్చోమనండి.